గుమ్మం సంచి

ఏదైనా వ్రాసి చాలా రోజులైంది. ఛందస్సు మీద మొదలుపెట్టిన వ్యాసం యతి దగ్గర ఆగిపోయింది. అది ఎక్కడికీ పోదు గనుక దాని సంగతి తరువాత చూచుకోవచ్చు. ఈసారి ఒక సంచిని గురించి వ్రాయాలనిపించింది. ముప్పయ్యేళ్ళకు పైగా తెలుగు పాఠాలు చెప్పి విశ్రాంతి తీసుకొంటున్న పండితుడికి సంచులతో ఏం పని అని మీలో కొందరు నవ్వుకొంటారు. నవ్వుకోండి. కాని చివరిదాకా చదవండి.

2019 డిసెంబరులో నేనూ మా ఆవిడా మెల్బోర్నులో ఉన్న అమ్మాయి ఇంటికి వెళ్ళాము. ఆ నగరానికి తూర్పున డాండినాంగ్ కొండలున్నాయి. వాటి అంచున వాళ్ళ ఇల్లు. చుట్టూ ఆకాశాన్నంటే చెట్లు. మన వైపు జామాయిల్ అంటామే, ఆ జాతివే. ఆకు నలిపితే నూనె వాసన. ఆ నూనె వల్లనే అంటుకొన్న నిప్పు అంత ఉద్ధృతంగా పరుగెత్తుతుందని తరువాత తెలిసింది.

వాళ్ళ వీధి గుమ్మం పక్కన, చెప్పుల అర మీద, ఎర్రటి సంచి ఒకటి ఉండేది. ఎవరో ఊరికి వెళ్ళబోతున్నారనుకొన్నాను. రెండు రోజులు చూశాను, ఎవరూ వెళ్ళలేదు. అడ్డంగా ఉందని తీసి లోపలి గదిలో పెట్టబోతే అమ్మాయి వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది. "నాన్నా, దాన్ని మాత్రం అక్కడినుంచి కదపకండి" అంది. ఆ గొంతు నాకు కొత్తగా వినిపించింది. అప్పుడు మనుమడు, ఎనిమిదేళ్ళవాడు, నన్ను కూర్చోబెట్టి సంచి విప్పి ఒక్కొక్కటే చూపించాడు. ఉన్ని దుప్పటి. నిండు చేతుల నూలు చొక్కాలు. "తాతయ్యా, నైలాను బట్టలు వేసుకోకూడదు, వేడికి కరిగి ఒంటికి అంటుకొంటాయి" అని వాడే చెప్పాడు. పొగకు ముఖానికి కట్టుకొనే మాస్కులు, బ్యాటరీలతో నడిచే చిన్న రేడియో, టార్చి, నీళ్ళ సీసాలు, మందులు, కాగితాలున్న ప్లాస్టిక్ కవరు. అన్నిటికన్నా అడుగున వాడి చిన్న బొమ్మ ఒకటి. అది వాడే ఎంచుకొన్నాడట. "ఒక్కటే పట్టుకెళ్ళాలి అంది అమ్మ, మూడు రోజులు ఆలోచించాను" అన్నాడు.

ఆ ఎండాకాలం (వాళ్ళకు డిసెంబరు ఎండాకాలం) ఆ దేశం ఎట్లా తగలబడిందో మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. 2019 డిసెంబరు 31 ఉదయం మల్లకూటా అనే తీరగ్రామంలో సుమారు 4,000 మంది సముద్రపు ఒడ్డుకు చేరి, పట్టపగలే రాత్రిలా నల్లబడిన ఆకాశం కింద నిలబడ్డారు. తరువాత నౌకాదళం ఓడ వచ్చి వేయిమందికి పైగా జనాన్ని ఎక్కించుకొని వెళ్ళింది. ఆ మంటలు మా అమ్మాయి ఇంటికి వందల మైళ్ళ దూరం. అయినా జనవరిలో ఆ పొగ మెల్బోర్నును కప్పింది. కిటికీలు మూసి కూర్చున్నాము. దానికి పదేళ్ళ ముందు, 2009 ఫిబ్రవరి 7న, ఆ విక్టోరియా రాష్ట్రంలోనే ఒక్క రోజు మంటల్లో 173 మంది చనిపోయారు. ఇల్లు కాపాడుకొందామని ఉండిపోయినవారు, ఆఖరి నిమిషంలో బయలుదేరినవారు వారిలో ఎందరో ఉన్నారు. అప్పటినుంచి అక్కడి ప్రభుత్వం ప్రజలకు చెప్పే మాట ఒకటే: వెళ్ళేదుంటే ముందే వెళ్ళండి. మంట కనిపించాక కాదు, ఆ ఉదయమే, వీలైతే అంతకు ముందు రాత్రే.

మనకు దీనికి చక్కని మాట ఉంది, కార్చిచ్చు. కాఱు అంటే అడవి. కాఱెనుము అన్నప్పుడు ఉన్న కాఱే. కాఱు, చిచ్చు కలిసి కార్చిచ్చు అయింది. దావానలం అనే సంస్కృత పదం కన్నా ఈ మాటలో నిప్పు ఎక్కువ ఉన్నట్లు నాకు తోస్తుంది. అయితే నాయుడుపేటవాడికి కార్చిచ్చుతో పనిలేదు. మనది నీటి గండం. ఈశాన్య ఋతుపవనం అక్టోబరులో మొదలై డిసెంబరు దాకా మన మీదనే ఉంటుంది. ఏడాదిలో ఎక్కువ నాళ్ళు స్వర్ణముఖి అంటే ఇసుకే. పిల్లలు దాంట్లో బంతాట ఆడుకొంటారు. ఆ ఇసుక మీదనే ఒక రాత్రిలో ఒడ్డులు ఒరుసుకొని నీరు పోతుంది. 2022లో మా ఊరిని నెల్లూరు జిల్లా నుంచి తీసి తిరుపతి జిల్లాలో కలిపారు గాని, ఆ సంగతి వానకు తెలియదు.

ఆ ఎర్ర సంచిని చూచినప్పుడు నాకు ముందు వచ్చింది ఆశ్చర్యం కాదు, సిగ్గు. ఎందుకో చెబుతాను.

అడవి మంటకు ముందస్తు గడువు చాలా తక్కువ. గాలి తిరిగితే అరగంట. తుఫాను అట్లా కాదు. బంగాళాఖాతంలో అల్పపీడనం పుట్టిన నాటినుంచి వాతావరణ శాఖవారు పూటపూటా చెబుతూనే ఉంటారు. కృష్ణపట్నం రేవులో ఎన్నో నంబరు ప్రమాద సూచిక ఎగురవేశారో పత్రికల్లో వస్తుంది. మూడు రోజులు, నాలుగు రోజులు ముందుగా తెలుస్తుంది. అరగంట గడువున్నవాళ్ళు సంచి కట్టి గుమ్మం దగ్గర పెట్టుకొన్నారు. నాలుగు రోజుల గడువున్న మనం నీళ్ళు గడప దాటాక బీరువా తాళంచెవి వెతుకుతాము. ఇల్లు కాలుతున్నప్పుడు బావి తవ్వినట్లు అని సామెత చెప్పుకొన్నది మనమే. దాన్ని పాటిస్తున్నది వాళ్ళు.

ఇక నా సంగతి. 2015 నవంబరును మన జిల్లావాళ్ళు మరచిపోరు. నెల నడుమ ఎడతెరిపి లేకుండా కురిసిన వానలకు చెరువులు, కాలువలు ఒక్కటయ్యాయి. ఆ ఋతువులోనే డిసెంబరు మొదట్లో చెన్నపట్నం మునిగింది. మేము అప్పుడు పల్లపు వీధిలో అద్దె ఇంట్లో ఉండేవాళ్ళం. నేను ఇంకా ఉద్యోగంలో ఉన్నాను. అమ్మకు ఎనభై ఏళ్ళు. గుండెకు, రక్తపోటుకు, ఒంట్లో నీరు చేరకుండా ఉండడానికి మాత్రలు వేసుకొనేది. వాన వస్తుందని నాకు తెలుసు. పేపరు చదివాను. పక్కింటాయనతో అరుగు మీద కూర్చొని వాయుగుండం అన్న మాట ఎంత బాగుందో చర్చించాను కూడా. గాలి సుడికి పెట్టిన మాట అని.

రాత్రి పదకొండు దాటాక కాలువ పొంగి వీధిలోకి నీళ్ళొచ్చాయి. మోకాటి లోతు కావడానికి గంట పట్టలేదు. కరెంటు పోయింది. టార్చి దొరకలేదు, దొరికాక వెలగలేదు. ఆ చీకట్లో ఇంట్లో ముగ్గురం మూడు దిక్కులకు వెతకడం మొదలుపెట్టాము. మా ఆవిడ నగలు, నేను పొలం కాగితాలు, అమ్మ తన తులసిమాల. నలభై నిమిషాలు. నేను గడియారం చూడలేదు గాని పొలం దస్తావేజులు దొరికేటప్పటికి నీళ్ళు మంచం పట్టెలను తాకాయి. అప్పుడు నేను చేసిన పనేమిటో ఈ పదేళ్ళలో చాలాసార్లు తలచుకొన్నాను. అలమర దగ్గరికి వెళ్ళి శబ్దరత్నాకరం తీసి, తువ్వాలులో చుట్టి, చంకలో పెట్టుకొన్నాను. మా నాయన నాకు కొనిచ్చిన ప్రతి అది. ఇంకో చేత్తో అమ్మను పట్టుకొన్నాను. బయటపడ్డాము.

నేను పాఠాలు చెప్పిన గదిలోనే మూడు రాత్రులు పడుకొన్నాము. అన్నం పెట్టారు, దుప్పట్లిచ్చారు. ఎవరినీ ఏమీ అనడానికి లేదు. అమ్మ మాత్రల డబ్బా మాత్రం ఇంట్లో, దేవుడి గూటి పక్కన ఉండిపోయింది. మొదటి రోజు ఎవరికీ గుర్తు రాలేదు. రెండో రోజు గుర్తొచ్చింది గాని వీధిలో నడుముల లోతు నీరు. మూడో నాటి రాత్రికి ఆమెకు ఆయాసం మొదలైంది. పడుకోలేక గోడకు ఆనుకొని కూర్చొంది. తెల్లవారి ట్రాక్టరు మీద రోడ్డు దాకా తీసుకెళ్ళి, అక్కడినుంచి నెల్లూరు ఆసుపత్రికి చేర్చాము. డాక్టరు అడిగిన మొదటి ప్రశ్న, "ఏ మాత్రలు వాడుతున్నారండీ?" నేను చెప్పిన జవాబు, "తెల్లది ఒకటి, గులాబీ రంగుది సగం." మందుల చీటీ ఆ డబ్బాలోనే ఉంది.

ఆమె ఇంటికి తిరిగి వచ్చింది. కాని మునుపటిలా లేచి తిరగలేదు. మరుసటి ఉగాదికి లేదు. వయసు ఎనభై, గుండె జబ్బు, ఎట్లాగూ అంతే అని బంధువులు ఓదార్చారు. కావచ్చు. శబ్దరత్నాకరం మాత్రం చుక్క నీరు తగలకుండా ఇప్పటికీ నా అలమరలో ఉంది.

ఇది చెప్పడం నన్ను నేను దూషించుకోవడానికి కాదు. నేను మూర్ఖుణ్ణి కాను, అమ్మంటే ప్రేమ లేనివాణ్ణి అంతకన్నా కాను. చీకట్లో, నీళ్ళలో, భయంలో మనిషి తనకు అలవాటైనదాన్ని పట్టుకొంటాడు. పండితుడు పుస్తకాన్ని పట్టుకొంటాడు, కొట్టువాడు గల్లాపెట్టెను పట్టుకొంటాడు. భయం ఎంపిక చేయలేదు. కాబట్టి ఎంపిక భయానికి వదిలిపెట్టకూడదు. ఎండ కాస్తున్న రోజున, కడుపు నిండా తిని, స్థిమితంగా కూర్చొని చేయవలసిన పని అది. నా ఎనిమిదేళ్ళ మనుమడు మూడు రోజులు ఆలోచించి తన బొమ్మను ఎంచుకొన్నాడు. నాకు ఆ మూడు రోజులూ ఉన్నాయి, నేను వాయుగుండం వ్యుత్పత్తి ఆలోచించాను.

తిరిగి వచ్చాక మా ఆవిడతో అన్నాను, మనమూ ఒక సంచి కట్టి గుమ్మం దగ్గర పెడదామని. ఆమె ముఖం చిన్నబుచ్చుకొంది. "నిండు ఇంట్లో గుమ్మం దగ్గర మూటేంటండీ, ఇల్లు వదిలిపోయేవాళ్ళలాగా" అంది. నాకు కోపం రాలేదు. ఆమె అన్నదాంట్లో భాష ఉంది. చూడండి, మన తెలుగులో ఇల్లు విడిచి వెళ్ళేవాడి సామానుకు ఎన్ని జంటపదాలున్నాయో: మూటా ముల్లె, తట్టా బుట్టా, పెట్టే బేడా. ఈ మూడింటిలో ఏ ఒక్కటైనా గౌరవంగా వాడగా విన్నారా? తట్టా బుట్టా సర్దుకొని పొమ్మంటాము. మూటా ముల్లె కట్టాడంటాము. బాకీలవాడు, పనిలోంచి తీసేసినవాడు, అల్లుడు తరిమేసిన మామ - వీళ్ళే మనకు మూట కట్టేవాళ్ళు. ముందుగా మూట కట్టడం అంటే కీడును పిలవడం అని మన ఆడవాళ్ళు భయపడితే ఆ తప్పు వాళ్ళది కాదు. అయితే కీడెంచి మేలెంచమన్నదీ మన పెద్దలే. కీడును ఎంచడం వేరు, పిలవడం వేరు.

ఈ చిక్కును నేను విప్పలేదు, మా ఆవిడే విప్పింది. ఆ ఏడు దసరాకు మహర్నవమి నాడు స్కూటరు కడిగి, కత్తిపీట, సుత్తి, పలుగు తుడిచి ఆయుధపూజకు పెడుతూ, "మీ సంచి కూడా ఇట్లా పట్టుకురండి" అంది. దానికి పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టింది. పూజ అయ్యాక తీసుకెళ్ళి తనే గుమ్మం పక్కన మేకుకు తగిలించింది. అప్పటినుంచి ఏటా అదే మా పద్ధతి. ఆలోచిస్తే ఇంతకన్నా తగిన రోజు లేదు. సెప్టెంబరు చివరకూ అక్టోబరు నాలుగో వారానికీ నడుమ వస్తుంది మహర్నవమి. ఈశాన్యపు వానలు దిగే రోజుల్లోనే. ఏటా ఆ రోజున పనిముట్లన్నీ బయటికి తీసి, తుడిచి, బాగుచేసుకొనే ఆచారం ఎట్లాగూ ఉంది. సంచినీ విప్పి, గడువు దాటిన మాత్రలు తీసేసి, టార్చి వెలుగుతుందో లేదో చూచి, మళ్ళీ కట్టవచ్చు. మన ఊళ్ళలో ఇది నిలవాలంటే పంచాంగంలో దానికొక చోటు దొరకాలని నా అభిప్రాయం. కరపత్రంలో చోటు చాలదు.

కరపత్రమంటే గుర్తొచ్చింది. ఒకసారి నా చేతికి వచ్చినదాంట్లో "విపత్కాల అత్యవసర వస్తుసామగ్రి పేటిక" అని ఉంది. నేను ఉభయభాషలు చదువుకొన్నవాణ్ణి, నాకే రెండోసారి చదివితే గాని బోధపడలేదు. ఇంగ్లీషులో రెండు చిన్న మాటలున్నచోట మనం నాలుగు సమాసాలు పేరుస్తాము. పేరు నోట పలకకపోతే వస్తువు ఇంట్లోకి రాదు. మా వీధిలో దీన్ని గుమ్మం సంచి అంటున్నాము. ఎవరు మొదట అన్నారో తెలియదు, నేనైతే కాదు. పండితులు పుట్టించిన మాటలు ఇంత బాగుండవు.

ఇక ఆ సంచిలో ఏముండాలి అన్నదానికి నా దగ్గర ఒకే సూత్రం ఉంది. ఇంట్లో అందరికన్నా అశక్తులెవరో వారినుంచి మొదలుపెట్టాలి. ఇంటి పెద్దతో కాదు, ఆస్తితోనూ కాదు. ముసలితల్లి ఉంటే ఆమె మాత్రలు, చంటిబిడ్డ ఉంటే వాడి పాలడబ్బా, గర్భిణి ఉంటే ఆమె ఆసుపత్రి కాగితం. తక్కినవన్నీ దాని తరువాతే. మా ఇంట్లో ఇప్పుడు ఆ స్థానం మా ఆవిడది. ఆమెకు చక్కెర వ్యాధి. పది రోజుల మాత్రలు సంచిలో ఉంటాయి. డాక్టరు చీటీ నకలు ఒకటి, దాని మీద మందుల పేర్లు నా చేతివ్రాతతో పెద్ద అక్షరాలలో. ఇన్సులిన్ మాత్రం సంచిలో పెట్టేది కాదు, ఫ్రిజ్జులో ఉండాలి. అందుకని సంచి పిడికి ఒక అట్టముక్క కట్టాను: "ఫ్రిజ్జులో మందు" అని. ఆ అట్టముక్క చూడకుండా సంచి ఎత్తడం సాధ్యం కాదు. కరెంటు లేనిచోట ఇన్సులినును తడి గుడ్డ చుట్టిన మట్టి ముంతలో పెట్టుకోవచ్చు. వాడుకలో ఉన్న సీసా ఎండ తగలకుండా ఉంటే సుమారు నాలుగు వారాలు చెడిపోదు. మంచుగడ్డల మీద నేరుగా పెట్టకూడదు.

కళ్ళజోడు. మీరు నవ్వినా సరే, పాత కళ్ళజోడు పారవేయకండి, సంచిలో వేయండి. కట్టుడు పళ్ళున్నవారు వాటి డబ్బా, చెవి మిషను ఉన్నవారు దాని బ్యాటరీలు. శిబిరంలో మూడు రోజులు ఏమీ కనపడక, ఏమీ వినపడక కూర్చొన్న వృద్ధులను నేను చూశాను. అన్నం పళ్ళెం ముందున్నా నమలలేనివారినీ చూశాను. ఇంట్లో ఆడపిల్లలుంటే వారికి నెలసరికి కావలసినవి వాళ్ళనే పెట్టుకోమనండి. అడగడానికి సిగ్గుపడే చోట అవి దొరకవు.

కాగితాలు తరువాతి మాట. ఆధారు, రేషను కార్డు, బ్యాంకు పుస్తకం, పట్టాదారు పాసు పుస్తకం, పిల్లల పదో తరగతి సర్టిఫికెట్లు - వీటి నకళ్ళు జిప్పు కవరులో. 2015లోనే ప్రభుత్వంవారు డిజిలాకర్ తెచ్చారు. మా అబ్బాయి నా ఫోనులో అది పెట్టించాడు, మంచిదే. కాని ఫోను తడిస్తే? దానితో పాటే నా జ్ఞాపకశక్తి కూడా తడిసిపోతుంది. యమాతారాజభానస అంటూ గణాలన్నీ నిద్రలో లేపి అడిగినా చెబుతాను. సొంత కొడుకు ఫోను నంబరు అడిగితే చెప్పలేను. అందుకని ఒక కాగితం మీద పది నంబర్లు, వాటితో పాటు 112, 108, జిల్లా కంట్రోలు రూముకు 1077 వ్రాసి ఆ కవరులోనే పెట్టాను. చిల్లర నోట్లు కొన్ని, పదులూ యాభైలూ వందలూ. టవరు పనిచేయనప్పుడు ఫోనుతో డబ్బు కట్టించుకొనే కొట్టు ఉండదు.

తిండి సంగతి మన ఇళ్ళలో చెప్పనక్కరలేదు. అటుకులు, బొరుగులు, వేరుశెనగ పప్పు, బెల్లం; పొయ్యి వెలిగించకుండా తినగలిగినవి ఏవైనా సరే. నీళ్ళే కష్టం, బరువు. మనిషికి రోజుకు మూడు నాలుగు లీటర్లు. అంత మోయలేము గనుక కొన్ని సీసాలు, కొన్ని క్లోరిన్ మాత్రలు. విరేచనాలు పట్టుకొంటే లీటరు మంచినీటిలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు. చిన్న చెంచా, తలతట్టి కొలవాలి, కుప్పగా కాదు. వరద వెనుక వచ్చే చావులలో ఇది కొన్నిటిని ఆపుతుంది.

బట్టల దగ్గర మాత్రం మా మనుమడి పాఠం ఇక్కడ తిరగబడుతుంది. నిప్పుకు నూలు, ఉన్ని మేలు. వానకు నూలు పనికిరాదు, తడిస్తే బరువెక్కి రెండు రోజులు ఆరదు. పాలియెస్టరు చీర గంటలో ఆరుతుంది. ఒక ప్లాస్టిక్ పట్ట, మొలతాడంత కాక కాస్త గట్టి తాడు, డబ్బాలో అగ్గిపెట్టె, టార్చి. టార్చి రెండు పనులు చేస్తుంది. వరదలో పాములూ మనలాగే మెరక వెతుక్కొంటూ ఇళ్ళెక్కుతాయి. చిన్న రేడియో ఒకటి, ఆకాశవాణి కోసం. పుస్తకాలా? పుస్తకాలు అటక మీదికి. ప్లాస్టిక్ సంచుల్లో మూతి కట్టి అక్టోబరుకు ముందే. సంచిలోకి ఒక్కటి కూడా వద్దు. ఈ మాట వ్రాయడానికి నాకు పదేళ్ళు పట్టింది.

గొడ్డూ గోదా ఉన్నవారికి ఒకటే విన్నపం. వెళ్ళేముందు పలుపులు విప్పండి. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచినప్పుడు పదివేల మందికి పైగా మనుషులు పోయారు. పశువులకు లెక్కే లేదు. నాకు అప్పుడు పందొమ్మిదేళ్ళు. పత్రికల్లో వచ్చిన బొమ్మల్లో రాటకు కట్టినట్లే పడివున్న గొడ్లు నాకు ఇంకా కళ్ళలో ఉన్నాయి. విప్పిన గొడ్డు ఈదుతుంది, మెరక చేరుతుంది. కట్టిన గొడ్డుకు ఆ అవకాశం మనమే తీసేశాము.

ఇంతా చదివి, సంచీ నిండా పెట్టుకోవడానికి రెండో జత ఉన్నవాళ్ళ కబుర్లివి అని ఎవరైనా అంటే ఒప్పుకొంటాను. మా తీరంలో కాలువ గట్ల మీద, పులికాటు వైపు చేపలు పట్టుకొని బ్రతికే యానాదుల గుడిసెల్లో పది రోజుల మాత్రలు నిలవ ఉండవు. అక్కడ గుమ్మమే సరిగా ఉండదు. కార్డులన్నీ చూరులో దోపి ఉంటాయి. గాలి మొదట తీసుకుపోయేది ఆ చూరునే. కార్డు లేకుండా శిబిరానికి వచ్చిన ఒక ముసలావిడ తన పేరు తాను నాలుగుసార్లు చెప్పుకోవడం చూశాను. వారికి ఉపన్యాసాలు అక్కరలేదు. ఒక్కొక్క కుటుంబానికి నీళ్ళు చొరని కవరు ఒకటి, కార్డుల నకళ్ళు తీయించడానికి పదో ఇరవయ్యో రూపాయలు చాలు. రెండేళ్ళుగా నేనూ, నా పాత విద్యార్థులు నలుగురూ సెప్టెంబరులో ఆ పని చేస్తున్నాము. గొప్ప కోసం చెప్పడం లేదు, ఖర్చు ఎంత తక్కువో తెలియాలని చెబుతున్నాను. మీ మీ ఊళ్ళలోనూ చూరులున్నాయి.

సంచి కట్టడం సగం పని. ఎప్పుడు ఎత్తాలన్నది తక్కిన సగం, అదే కష్టం. దివిసీమ తరువాత తీరం పొడుగునా తుఫాను రక్షిత భవనాలు కట్టారు. రమ్మంటే రాకుండా ఇంటిని అంటిపెట్టుకొని ఉండేవారు ఇప్పటికీ ఉన్నారు. 1989లో కావలి దగ్గర తీరం దాటిన తుఫాను వేళ తీరప్రాంతపు బడిలో ఉద్యోగం చేస్తున్నాను. "మా తాతనాటి నుంచి ఇక్కడికి నీళ్ళు రాలేదు అయివోరా" అన్న పెద్దాయన్ని ఇద్దరం చెరో రెక్కా పట్టుకొని తీసుకురావలసి వచ్చింది. తాతనాటి కొలత నేటి నీటికి చెల్లదు. 2015, 2020లో నివర్, 2021 నవంబరు, 2023 డిసెంబరులో మిచౌంగ్ - పదేళ్ళ లోపలే నాలుగుసార్లు మనవైపు నీళ్ళు లెక్క తప్పాయి. 2021లో పడుగుపాడు దగ్గర రైలు పట్టాలే కొట్టుకుపోయాయి. మేము ఇంట్లో ఒక గీత పెట్టుకొన్నాము. అధికారులు పల్లపు వీధులను ఖాళీ చేయమన్న గంటలోగా, లేదా కాలువ నీరు మా మూలమీది కల్వర్టు పై అంచును తాకగానే, ఏది ముందయితే అప్పుడు బయలుదేరతాము. గ్యాసు రెగ్యులేటరు తిప్పడం నా పని, కరెంటు మెయిను దించడం ఆమె పని. అప్పుడు చర్చ లేదు, చర్చ ఇప్పుడే అయిపోయింది.

2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుఫాను మనకు చాలా ఎగువన, మచిలీపట్నానికి కాకినాడకు నడుమ తీరం దాటింది. ఆ రెండు రోజులు మాకు గాలీ వానా ఉన్నాయి గాని కల్వర్టు అంచు తడవలేదు. సంచి మేకుకు అట్లాగే ఉంది. పక్కింటి కుర్రవాడు వచ్చి, "అయ్యవారూ, ఈసారీ మీ సంచి దండగే" అని నవ్వాడు. నేనూ నవ్వాను. వాడు వెళ్ళాక మా ఆవిడ మేకు దగ్గరికి వెళ్ళి సంచి దించి, మాత్రల అట్ట తీసి వెలుతురులో పట్టుకొని చదివింది. "వీటి గడువు జనవరి దాకే ఉందండీ, రేపు బజారుకు వెళ్ళినప్పుడు కొత్తవి తెండి" అంది. ఆమె చెప్పిన పేరు చీటీ మీద వ్రాసుకొన్నాను.